డబ్బాలోంచి విడుదలైన అమ్మవారు

ఈ సాయంత్రం ఆఫీసు నుంచి కువైట్‌లోని మా హవల్లీ ఫ్లాటుకు వచ్చేసరికి, నేను ఏళ్ల తరబడి వెతికి సంపాదించి, సీలు వేసిన డబ్బాలో దాచుకున్న 1907 నాటి అమెరికా బంగారు నాణెం పూజ గూట్లో పసుపు కుంకుమలతో మెరిసిపోతోంది. దాని మీద కిరణాల నడుమ కాగడా పట్టుకున్న స్త్రీ బొమ్మ ఉంటుంది.

అమలాపురం నుంచి వచ్చిన మా అత్తగారు మందలించారు: "మహాలక్ష్మిని ప్లాస్టిక్ డబ్బాలో బంధించేశారేంటండీ, అల్లుడుగారూ? పగలగొట్టి, చింతపండుతో తోమేశాను."

తోమిన నాణేన్ని నాణేలు సేకరించేవాళ్లెవరూ ముట్టుకోరు; దాని పాత విలువ పోయినట్టే. కానీ అరిచేదెలా? ఖరీదు తెలియకూడదని, అది ఇత్తడి బిళ్ల అని ఇంట్లో చెప్పింది నేనే.

"తీసేస్తానండీ" అన్నాను.

"అమ్మో! ఉద్వాసన చెప్పకుండా కదపకూడదండీ. నేను ఊరెళ్లేటప్పుడు చెబుతాను."

ఆవిడ వీసాకు ఇంకా రెండు నెలల గడువుంది. అమ్మవారికైతే విడుదలైంది. నా విడుదలకు ఏ మంత్రం చదవాలో తెలిసినవాళ్లు కామెంట్లో పెట్టండి.