మూట మూతిన మడ ఆకు

1998 నాటికి బెజవాడలో తందూరి హోటళ్ళు ఒకదాని వెనక ఒకటి వెలుస్తున్నాయి. మా ఆయన పోయాక గుణదలలోని మా బొగ్గుల కొట్టు నేనే నడుపుతున్నాను. అంతకుముందు మా దగ్గర కొనేది ఎక్కువగా ఇస్త్రీ బండ్లవాళ్ళే. తందూర్ అంటే రొట్టెలు, కోళ్ళు కాల్చే మట్టి పొయ్యి. దానికి పొద్దస్తమానం నిప్పుండాలి. ఒక పెద్ద హోటల్ నా దగ్గర బొగ్గు తీసుకోవడం మొదలుపెట్టాకే కొట్టు నిలబడుతుందన్న ధైర్యం వచ్చింది.

సరుకు తెచ్చేది సాంబయ్య. ఎప్పుడూ సర్కారు తుమ్మ బొగ్గే తెచ్చేవాడు. బంజర్లలో అడ్డదిడ్డంగా పెరిగే చెట్టు, కొట్టినా మళ్ళీ చిగురిస్తుంది. బొగ్గు జారిపోకుండా మూట మూతిలో పచ్చి ఆకు కుక్కి, పైన తాడు అల్లుతారు. బట్టీ దగ్గర ఏ ఆకు దొరికితే అదే. ఒకరోజు దించిన మూటల్లో ఉన్నది తుమ్మాకు కాదు. దళసరిగా, వెనకవైపు తెల్లగా ఉంది. నాలుకకి తాకిస్తే ఉప్పగా తగిలింది.

నేను నాగాయలంక అవతల పుట్టినదాన్ని. ఉప్పెనొచ్చినప్పుడు సముద్రానికీ మా ఊరికీ మధ్య మడ అడవి ఉండబట్టే బతికామని మా అమ్మ చచ్చేదాకా చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఇది మడ చెట్టు ఆకు. ఎక్కడ కొట్టారు సాంబయ్యా?”

“బొగ్గయ్యాక ఏ చెట్టయితే ఏంటక్కా? హోటలోళ్ళకి ఇదే కావాలంట, నిప్పు ఎక్కువసేపు ఉంటదని.”

“మళ్ళీ లారీకెక్కించు.”

సాయంత్రం హోటల్ మేనేజర్ వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు.

“మీరొక్కరు కొనకపోతే అడవి కొట్టడం ఆగుద్దాండీ?”

“ఆగదండీ.”

“మరెందుకీ మొండితనం? రేపట్నుంచి వేరేచోట తీసుకుంటాం.”

“తీసుకోండి. మా ఊరి కంచె కాల్చి రొట్టెలు చేస్తున్నామని మాత్రం తెలిసి తీసుకోండి.”

తీసుకున్నారు. పక్కవీధి కొట్టువాళ్ళు సంతోషంగా ఇచ్చారు. “వచ్చిన బేరాన్ని కాలదన్నావు వదినా” అని మా మరిది నెలల తరబడి సాధించాడు. మా అమ్మాయిని కాన్వెంటు మాన్పించి సర్కారు బడిలో వేశాను. అదొక్కటే ఇప్పటికీ బాధ. చేసిన పనికి మాత్రం ఏనాడూ బాధపడలేదు.

ఊరు నిప్పు అడుగుతుందే గాని, ఆ చెట్టు ఎవరికి అడ్డు నిలిచిందో అడగదు. అది అడగాల్సింది అమ్మేవాళ్ళేనని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత కూడా మడ బొగ్గు బెజవాడలో అమ్ముడుపోయింది, నాకు తెలుసు. నా కొట్లో మాత్రం పోలేదు. నేనుండగా పోదు.