చుక్కలు తినిపించే కుజుహారా గారు

కుజుహారా గారికి ఈ లోకంలో ఒకడే శత్రువు: ప్రింటరు కడుపులో పుట్టుకతో ఉన్న అక్షరం. బస్సు డ్రైవరుగా రిటైరై, ఇంటికి కంప్యూటరూ ప్రింటరూ తెచ్చుకున్న రోజే ఆ సన్నటి అక్షరాన్ని చూసి, "పాపం, అన్నం తిని ఎన్నాళ్లయిందో" అన్నారు. అప్పటి నుంచి తెర మీద గళ్లలో ఒక్కో చుక్కా పెడుతూ తన అక్షరాలు తానే చేసుకోసాగారు. మా లిపిలో అక్షరాలు వేలకొద్దీ. ఇంకొకరైతే ఓ దండం పెట్టి ఊరుకునేవారు.

అలాంటి మనిషికి వీధి సంఘం నోటీసుల పని అప్పగించడం మా బుద్ధితక్కువ. నోటీసు అట్టకు తగిలించుకుని ఇంటింటికీ తిరుగుతుంది. చదివినవాళ్లు తమ పేరు ముద్ర కొట్టి పక్కింటికి ఇస్తారు. ఆయన పక్కిల్లు మాదే. కాలువ శుభ్రం చేద్దాం రండన్న నోటీసు, మేం కాలువ శుభ్రం చేసి, స్నానాలు చేసి, టీ తాగుతుండగా వచ్చింది. ఇదేమిటండీ అని అడిగితే, "కాలువ మరీ బక్కగా ఉందండీ. చుక్కలు తినిపిస్తున్నాను" అన్నారు.

పైగా అచ్చువేసిన ప్రతి నమూనా పట్టుకుని వీధి చివర మిసావో బామ్మ అరుగు మీద చేరేవారు. "వీళ్లలో ఎవడు అందగాడు?" అని అడిగేవారు. బామ్మ చాలాసేపు చూసి, బాగా బలిసినవాణ్ణి చూపించేది. పెళ్లి సంబంధం కుదిరినట్టు ఆయన ఇంటికి పరుగెత్తేవారు.

చివరికి సంఘం పెద్ద నిషివాకి గారికి ఓపిక నశించింది. ఏడాది చివర అందరం కలిసి జిగురుబియ్యం ముద్దలు, అదే మోచి, దంచే రోజు నోటీసును ఆయనే తన ఆఫీసు యంత్రం మీద కొట్టించారు. సన్నటి, చక్కటి అక్షరాలు. వేళకు వచ్చింది. జనమూ వేళకు వచ్చారు, రోలూ వచ్చింది. జిగురుబియ్యం ఆవిరికి పెట్టాల్సిన మిసావో బామ్మ మాత్రం రాలేదు. ఏళ్ల తరబడి ఆ పని ఆవిడదే.

నేను వెళ్లేసరికి ఇంట్లో తీరిగ్గా ముల్లంగి తరుగుతోంది. నోటీసు చూడలేదా అంటే ముద్ర కొట్టానుగా అంది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఈసారి అక్షరాలు మరీ బక్కవి నాయనా. నా కళ్లకు ఆనలేదు. ఎవరితోనూ అనకు. తెలిస్తే ఆవిరి కుండ నా చేతికివ్వరు."

"కుజుహారా గారికి తెలుసా?"

"నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. అందగాళ్లని చూపించి పోతుంటాడు, అంతే."

నాకు ఆయన మీద అమాంతం ప్రేమ పుట్టుకొచ్చింది. బామ్మను వెంటబెట్టుకుని వెళ్లి, నోటీసు మా ఇంట్లోనే ఆగిపోయిందనీ, ఆ సన్న అక్షరాలు నా కళ్లకే కనబడలేదనీ నిషివాకి గారి ముందు గొణిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. మళ్లీ నోటీసుల పని పాత మనిషికే వెళ్లింది. బామ్మ సంగతి ఎత్తబోతే కుజుహారా గారు చెవుల దాకా ఎర్రబడి, "అక్షరం అందంగా ఉండాలి. నాకు ఇంకేం తెలియదు" అని తెర వైపు తిరిగిపోయారు.

తర్వాతి నోటీసూ ఆలస్యంగానే వచ్చింది. ఆ సాయంత్రం నిషివాకి గారు దాన్ని పట్టుకుని కుజుహారా గారింటికి వచ్చేసరికి నేనక్కడే ఉన్నాను. తిట్లు తప్పవనుకున్నాను. ఆయన గొంతు సవరించుకుని, "వీటికి ఇంకొన్ని చుక్కలు తినిపించడం కుదురుతుందా? నాక్కాదు, మా ఆవిడ అడిగింది" అన్నారు.

వాళ్లావిడ దీపం లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుందని మా వీధంతటికీ తెలుసు. కుజుహారా గారు ఆ మాటే ఎత్తలేదు. కొత్త నమూనాలు తీసి ఆయన ముందు పరిచారు.

"ఆవిడ తరఫున మీరే చెప్పండి. వీళ్లలో ఎవడు అందగాడు?"