మధ్యలో దూరేవాడు

మాంసం కొట్టు అక్క సొంత తమ్ముణ్ణి కోయించేసిందని వీధి వీధంతా చెప్పుకున్నారు. "చేయి తిరిగిన మనిషి కదా, గుండె ఇంత, కాలేయం ఇంత అని దగ్గరుండి మరీ అప్పగించిందట" అని కుళాయి దగ్గర ఒకావిడ అంటే, "అది గుండెనా, బండరాయా" అంటూ రెండో ఆవిడ బిందె ఎత్తుకునేది.

తమ్ముడు లారీల దగ్గర బరువులు మోసేవాడు. ఆ రోజు గోదాము ముందు ఇద్దరు కలిసి ఒక ముసలి డ్రైవర్‌ని కింద పడేసి తన్నుతుంటే అడ్డం వెళ్ళాడు. ఇనప రాడ్డు తల వెనక దిగింది. పడిపోయినవాణ్ణి కూడా వదల్లేదు వాళ్ళు. అక్క పరిగెత్తుకెళ్ళేసరికి వాడి చెవిలోంచి కారిన నెత్తురు సిమెంటు సంచుల మీద గడ్డ కడుతోంది.

మెదడు చచ్చిపోయిందన్నారు ఆసుపత్రిలో. మిషను ఆడిస్తుంటే రొమ్ము లేచి పడుతోంది, అంతే. కుర్ర డాక్టరు వరండాలోకి వచ్చాడు. అక్క చేసే పనేమిటో తెలిసి, ఇక ముసుగులో గుద్దులాట ఎందుకనుకున్నాడు కాబోలు.

"అక్కా, నీకు తెలియని పనేం కాదుగా. కాలేయం, మూత్రపిండాలు, గుండె తీస్తాం. నువ్వు కాదంటే అవతల నలుగురు చస్తారు."

ఆమె అతని మెడ పట్టుకుని గోడకేసి కొట్టింది. పెదవి చిట్లి తెల్లకోటు ఎర్రబడింది. గార్డు వచ్చి ఆమె చేయి వెనక్కి విరిచాడు.

"వాణ్ణి చంపినోళ్ళు బయట టీ తాగుతున్నారు. చంపేది నేనంటావురా? నా తమ్ముణ్ణి నా కొట్టులో వేలాడే మేకనుకున్నావా?"

డాక్టర్ని తీసుకెళ్ళిపోయాక పెద్ద నర్సు వచ్చి, అప్పటిదాకా నేల మీద కూలబడి ఉన్న వాళ్ళ తల్లి పక్కనే చతికిలబడింది. కోసే మాట ఎత్తలేదు.

"మీవాడు ఎలాంటోడమ్మా?"

"మొండి వెధవ. ఎవరు ఎవర్ని కొడుతున్నా మధ్యలో దూరేవాడు. వద్దురా అంటే వింటేగా."

"లోపల ఒకామె చావుతో పెనుగులాడుతోంది. మీవాడి గుండె ఆమెకి సరిపోతుంది. వాడే అయితే ఏం చేసేవాడంటావు?"

తల్లి మిషను చప్పుడు వస్తున్న తలుపు వైపు తిరిగింది.

"దూరేవాడు" అంది. "దూరనీ."

"నోరు ముయ్యమ్మా" అంటూ అక్క పిడికిలితో గోడను గుద్దింది. వేళ్ళ కణుపులు పగిలినా ఆగలేదు. తల్లే లేచి ఆ చేయి ఒడిసి పట్టుకుంది.

"కన్నదాన్నే, నాకు మాత్రం కడుపుకోత కాదా. రేపు ఎవరైనా అడిగితే నా పేరెత్తకు. కొడుకుని కోయించిందన్న మాట పడి నేను బతకలేను."

అక్క మాటిచ్చింది. కొన్నాళ్ళకి ఒకడు కొట్టు దగ్గరికి వచ్చి, "గుండె నువ్వే కోశావా అక్కా, వాళ్ళకి వదిలేశావా?" అని నవ్వాడు. కత్తి పిడితో వాడి దవడ మీద ఒక్కటిచ్చింది. పన్ను రాలి మాంసం కొట్టే మొద్దు మీద పడింది. అప్పుడు కూడా అసలు సంగతి చెప్పలేదు.

సరేనన్నది తల్లి. అక్క చివరిదాకా వద్దనే అంది.