ఐలీ, మంచుదారి, ఆ మాయదారి కారు

సుపీరియర్ సరస్సులో మా దీవికి చలికాలం పడవ నడవదు. నీళ్లు గడ్డకడితే ఆ గడ్డ మీదుగానే కార్లు. ఆ దారిన జనాన్ని దాటించడమే ఐలీ నిస్కనెన్ బతుకు. డెబ్బై దాటినా చెయ్యి వణకదు, నోరు మూతపడదు. మనం ఎక్కగానే ఒకటే పాట: "బెల్టు తియ్యి. అద్దం దించు. తలుపు ఓరగా పెట్టు. మునిగితే దూకాలి కదే!" ఊళ్లో బెల్టు పెట్టుకోకపోతే తిట్టేదీ ఆవిడే.

పాత ట్రక్కు మూలపడితే కొత్త కారు కొంది. ఏం కారో, ముదనష్టపుది! బెల్టు తీస్తే గోల, ఒకసారి ఆగితే బెల్టు పెట్టందే కదలదు. తలుపు ఓరగా తెరిచినా, ఎదురుగా ఏదైనా అడ్డమనిపించినా తనే బ్రేకు వేసుకుని ఆగిపోతుంది. మంచు మీద ఆగితే బరువంతా ఒకచోటే పడుతుంది, ఆ సంగతి దానికేం తెలుసు?

"మా అత్త పోయిందని సంబరపడితే ఇది దాపురించింది," అని నవ్వేది ఐలీ.

మొన్న మార్చిలో కంటి డాక్టరు దగ్గర్నుంచి నన్ను తీసుకొస్తోంది. మధ్యాహ్నమే గానీ ఒకటే పొగమంచు, ముందూ వెనకా తెలుపే. సగం దూరం వచ్చాక కారు ఠక్కున ఆగింది. ఎదురుగా మోకాలెత్తు మంచుగట్టు, అంతే. దానికది గోడనిపించిందేమో! కింద గడ్డ మూలిగింది. చక్రాల చుట్టూ నీళ్లు ఊరాయి.

"వెర్నా, దిగు. బరువు తగ్గాలి. దూరంగా వెనకాల నడిచి రా."

"నువ్వూ దిగు! కారు పోతే పోయింది!"

"పోతే ఇంకోటి నీ మొగుడు కొనిస్తాడా? ఇద్దరం మునిగితే ఊళ్లో చెప్పేవాళ్లుండరు. దిగవే!"

దిగాను. ఆవిడ తిట్టుకుంటూ తలుపు మూసింది, బెల్టు పెట్టుకుంది. మంచు మీద ఆవిడ బెల్టు పెట్టుకోవడం ఇన్నేళ్లలో అదే మొదటిసారి చూడటం.

కారు బుద్ధిగా కదిలింది. గట్టు పక్కనుంచి తిరిగి పొగమంచులో కలిసిపోయింది. వెనక ఎర్రదీపాలు రెండే కనబడుతున్నాయి. ఉన్నట్టుండి అవి భగ్గున వెలిగాయి. మళ్లీ ఆగింది.

"ఆగకు ఐలీ! ఆగకు తల్లీ!"

దీపాలు కదల్లేదు. కాసేపటికి నెమ్మదిగా కిందికి దిగాయి. చప్పుడేమీ లేదు.

నేను పరుగెత్తలేదు. మంచు మీద పరుగెత్తొద్దని నేర్పింది ఆవిడే. బోర్లా పడుకుని, ఏడుస్తూ, ఆవిణ్ణి తిడుతూ పాకాను. చేరేసరికి నీళ్లు కుదుటపడ్డాయి. ఎక్కడో అడుగున రెండు ఎర్రదీపాలు. అంత లోతుకి పోయినా ఆ కారు ఇంకా బ్రేకు వదల్లేదు.