వంతెన మీద చెయ్యి వేయకండి

2024 చలికాలం. మచిలీపట్నంలో ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి చాలా ఏళ్ళయింది నాకు. ఊళ్ళో మొదటిసారి ట్రయాథ్లాన్ పెడుతున్నారని తెలిసింది. ఈత, సైకిల్, పరుగు మూడూ ఆగకుండా ఒకదాని వెంట ఒకటి చేసే పోటీ అది. దివ్యాంగులు కూడా అందరితోపాటే పాల్గొనవచ్చన్నారు. ఆ మర్నాడే చల్లపల్లి నుంచి రమాదేవి టీచర్ వచ్చి, తనూ పాల్గొంటానంటూ నా ఎదురుగా కూర్చున్నారు.

ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెబుతారు. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. "వద్దండీ," అన్నాను మొహం మీదే. నాకు నాన్చడం రాదు. మిగతావాళ్ళకి ఈతలో అలిసిన చేతులు సైకిల్ మీద కాస్త తేరుకుంటాయి. ఆవిడకి ఈతా చేతులతోనే, మూడు చక్రాల సైకిల్ తిప్పడమూ చేతులతోనే, ఆఖర్న పరుగుకు బదులు వీల్‌చెయిరూ చేతులతోనే. రొటేటర్ కఫ్, అంటే భుజాన్ని కీలులో పట్టి ఉంచే కండరాలు, తెగాయంటే మంచం దిగడానికి కూడా ఇంకొకరు కావాలి.

"బడికి మా అన్నయ్య ఎత్తుకెళ్ళాడు. పెళ్ళిపీటల మీదకి మేనమామ ఎత్తుకెళ్ళాడు. ఓటు వెయ్యడానికి వెళ్తే పోలీసాయన ఎత్తుకెళ్ళాడు. రోడ్డు మీద ఒక్కసారైనా ఎవరి చెయ్యీ పడకుండా నా అంతట నేను వెళ్ళి చూసుకోవాలండీ," అన్నారావిడ. ఇక కాదనలేకపోయాను. నెలల తరబడి భుజాలకి కసరత్తులు చేయించాను.

పోటీ నియమం ప్రకారం నీళ్ళలోంచి సైకిల్‌కి, సైకిల్ నుంచి వీల్‌చెయిర్‌కి మారేటప్పుడు మాత్రమే సహాయకురాలిగా నేను పట్టుకోవచ్చు. రోడ్డు మీద ఎవరి చెయ్యి తగిలినా పోటీ నుంచి తీసేస్తారు. చిక్కల్లా అక్కడే. కళ్ళెదుట ఒక మనిషి ఆయాసపడుతుంటే ఊరుకోవడం మనవాళ్ళ వల్ల కాదు.

పోటీ రోజున ఈత బాగానే అయింది. సైకిల్ వెనకాల కాస్త దూరంలో నా స్కూటీ. నా వెనక సీట్లో ఆవిడ అన్నయ్య కోటేశ్వరరావు గారు. మన డెల్టాలో ఎత్తు అంటే కాలవ వంతెనే. దాని మీద సగం దూరం ఎక్కి సైకిల్ ఆగింది. మెల్లగా వెనక్కి జారింది. ఆవిడ బ్రేకు బిగించి పట్టుకున్నారు. కుడి భుజం వణకడం నాకు కనబడుతూనే ఉంది.

"నెట్టండయ్యా! ఆడకూతురు పడిపోతుంటే చూస్తారేంటి!" టీ కొట్టు దగ్గర నలుగురు లేచారు.

"ముట్టుకోకండి!" అని అరిచాను.

"నువ్వసలు మనిషివేనా తల్లీ?" ఒక పెద్దావిడ నన్ను కడిగేసింది. ఈలోగా కోటేశ్వరరావు గారే అందరికన్నా ముందు దిగి పరిగెత్తారు.

"అన్నయ్యా, ముట్టుకోకు!"

"పడిపోతావే!"

"పడితే లేపుదువు గానిలే. ముందు నన్ను ఎక్కనీ."

ఆయన చేతులు సైకిల్‌కి జానెడు దూరంలో ఆగిపోయాయి. గిర్రున వెనక్కి తిరిగి, వస్తున్నవాళ్ళకి అడ్డంగా నిలబడ్డారు. "ఎవరూ రాకండి బాబూ, దణ్ణం పెడతాను. మా చెల్లెలు ఎక్కుద్ది."

మా చదువులో దీన్ని స్టాండ్‌బై అసిస్ట్ అంటారు. పడితే పట్టుకునేంత దగ్గరగా ఉండాలి, అందాకా తాకకూడదు. రోజూ చేసే పనే. అయినా ఆవేళ నా చేతులు నా మాట వినక, రెండింటినీ చంకల్లో దోపుకుని నిలబడ్డాను. ఆవిడ ఒక్క తిప్పు తిప్పడం, బ్రేకు వేసి ఊపిరి తీసుకోవడం, మళ్ళీ ఒక్క తిప్పు. టీ కొట్టువాళ్ళు కూడా ఎక్కడివాళ్ళక్కడే ఆగారు. భుజం ఈ తిప్పుకి తెగుతుందా, పై తిప్పుకి తెగుతుందా అని నాకు ఒకటే భయం.

చివరికి ముందు చక్రం వంతెన ఎత్తు దాటింది. పల్లంలో సైకిల్ దానంతటదే ఉరికింది.

వీల్‌చెయిర్ కూడా అయ్యి, అందరికన్నా ఆఖర్న ఆవిడ గీత దాటారు. రిఫరీ వచ్చి కోటేశ్వరరావు గారిని నిలదీశారు. "వంతెన మీద మీరు పరిగెత్తుకెళ్ళారట. తాకారా?"

"లేదండీ," అంటూనే ఆయన భోరున ఏడ్చేశారు. "జీవితంలో మొదటిసారి తాకలేదండీ."

రిఫరీ పోటీ పూర్తి చేసినవాళ్ళలో ఆవిడ పేరు ఉంచారు.

అప్పటిదాకా నేను రోగికి మాత్రమే వైద్యం చేసేదాన్ని. ఇప్పుడు వెంట వచ్చినవాళ్ళని కూడా కూర్చోబెట్టి, ఎప్పుడు వదిలెయ్యాలో నేర్పుతున్నాను. రోగులకన్నా వాళ్ళకే ఎక్కువ రోజులు పడుతోంది.