మొదటి షిఫ్టు పువ్వు

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగు మోగి కిటికీ రెక్కలు గడగడలాడాయంటే సుసన్నా గడియారం వంక చూడాల్సిన పనే లేదు. లేచి పెరట్లో బొగ్గుల పొయ్యి మీద నీళ్ళ కాగు పెట్టేది. నీళ్ళు మరిగే వేళకు, మొదటి షిఫ్టు దిగిన ఆమె భర్త దేవసహాయం, కళ్ళూ పళ్ళూ తప్ప మిగతాదంతా నల్లగా, వెనక తలుపు దగ్గర నిలబడి ఉండేవాడు. అతను స్నానపు బండ మీద కూర్చుంటే ఆమె వీపు రుద్దేది. నల్లనీళ్ళు బండ మీంచి జారి, సన్నటి కాలువ కట్టి, గోడ మూల దాకా పోయి ఇంకేవి. ఇరవై ఆరేళ్ళు ఇదే పని.

ఇప్పుడూ బ్లాస్టింగు మోగుతుంది. సుసన్నా లేస్తుంది. కాగు దాకా పోతుంది. దాని అంచు పట్టుకుని కాసేపు నిలబడి, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

రెండువేల ఏడులో, ఈస్టరు ముందు వచ్చే శ్రమదినాలు మొదలైన రెండో వారం దేవసహాయం డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, మంచం మీద కూర్చుని "చాయ్ పెట్టు సుసన్నా" అన్నాడు. ఆమె గ్లాసు పట్టుకుని వచ్చేలోగా గుండె ఆగిపోయింది. రిటైర్మెంటుకు ఇంకా పదకొండు నెలలున్నాయి. ఆ ఉద్యోగం కొడుకు యేసుకుమార్‌కు వచ్చింది. వాడిని వర్క్‌షాపులో వేశారు. వాడి చేతులకు గ్రీజు అంటుతుంది గాని ఒంటికి బొగ్గు అంటదు. పొద్దున్నే చన్నీళ్ళు పోసుకుని పోతాడు. కాగుతో వాడికి పని లేదు.

గోదావరిఖని కాలనీకి వచ్చిన నాటి నుంచీ సుసన్నాకు తెలిసినవి మూడే కాలాలు: మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు. బొగ్గు బాయి లోపల వానాకాలమైనా చలికాలమైనా ఒకటే ఉక్క అని దేవసహాయం అనేవాడు. బయట ఉన్న ఆమెకూ అంతే అయింది. అతను పోయాక ఆ మూడూ పోయాయి. మిగిలింది ఎండ ఒక్కటే. ఆదివారం చర్చికి పోయేది. పాటల పుస్తకం తెరిచేది. పక్కవాళ్ళంతా గొంతెత్తి పాడుతుంటే ఆమె పెదవులు మాత్రం అతుక్కుపోయినట్టు ఉండేవి. దేవుడి మీద కోపం అని పైకి అనలేదు గాని, కోపమే.

మే నెలలో ఒకరోజు అటకమీది సామాను దించుతుంటే అతని పాత టిఫిను డబ్బా దొరికింది. మూత తీస్తే అడుగున కాగితం పొట్లం, అందులో పదకొండు గుమ్మడి గింజలు.

చూడగానే అర్థమైపోయింది ఆమెకు! నవంబరు నెల రెండో ఆదివారం వాళ్ళ చర్చిలో కోత పండుగ. ఎవరి పంటలో తొలి ఫలం వాళ్ళు తెచ్చి బలిపీఠం మెట్ల మీద పెట్టాలి. బాయి పని వాళ్ళకు పొలాలెక్కడివి? అందరూ బజారులో కొని, కడిగి, నిగనిగలాడించి తెచ్చేవారు. దేవసహాయం ఏటా మంచిర్యాల మార్కెట్ నుంచి పెద్ద గుమ్మడికాయ తెచ్చేవాడు. ఒకసారి కాయ వెనక దుకాణందారు సుద్దతో వేసిన తూకం అంకె చెరపడం మరిచాడు. పాస్టరు అయ్యగారు అది చూసి ప్రసంగంలోనే "దేవసహాయం గారి పొలం పేరు మంచిర్యాల మార్కెట్" అన్నారు. చర్చి మొత్తం నవ్వింది, అతనూ నవ్వాడు. ఇంటికి వచ్చాక మాత్రం, "నా జిందగీల భూమిల నుంచి నల్లరాయి తప్ప ఏం తియ్యలేదు సుసన్నా. రిటైరయినంక మన చేతులతోని పండిచ్చిందే పెడుదాం" అన్నాడు. ఆ కాయ గింజలే ఇవి.

ఆ గింజలను చీర కొంగులో పోసుకుని చూస్తుంటే, మూడు నెలల తర్వాత మొదటిసారి ఆమె గుండె దడదడ కొట్టుకుంది. ఈ ఏడు కోత పండుగకు ఆయన మాట నిలబెట్టాలి. ఇక వేరే ఆలోచనే లేదు!

మృగశిర వానలు పడగానే పెరట్లో గుంత తవ్వింది. ఊళ్ళో ఉన్నప్పుడు వాళ్ళమ్మ పాదులకు పొయ్యి బూడిద చల్లడం గుర్తుంది. తన పొయ్యిలో బూడిదకు కొదవా? గంపెడు పోసి కలిపి ఎనిమిది గింజలు పెట్టింది. ఆరు మొలిచాయి. రెండాకులు వేసి, పసుపు పచ్చగా మారి, వారం తిరగకుండా తలలు వాల్చాయి.

పక్క క్వార్టరు ఐలవ్వ గోడ మీంచి తొంగి చూసింది. ఆమెది పెద్ద వయసు, పెద్ద నోరు. ఊళ్ళో ఇప్పటికీ రెండెకరాల సేద్యం ఉంది.

"ఏం పోసినవే దీని మొదట్ల?"

"బూడిద, అవ్వా. మా అమ్మ బూడిదే పోస్తుండె."

"మీ అమ్మ పొయ్యిల కట్టెలు గాలినయి. నీ పొయ్యిల బొగ్గు గాలింది. బొగ్గు బూడిద పోస్తే తీగ పారుతదానె? సిమెంటు లెక్క గట్టిపడ్తది! ఖనిల ఉండి ఉండి నీకు అన్ని బూడిదలు ఒక్కటే అయినయి."

సుసన్నా కళ్ళనిండా నీళ్ళు. ఐలవ్వ గడ్డపార పట్టుకుని ఇటు వచ్చింది. పెరడంతా తిరిగి, స్నానపు బండ నీళ్ళు ఇంకే మూల దగ్గర ఆగి, ఒక పోటు వేసింది. పైన జానెడు లోతు నల్లటి పెచ్చు. దాని కింద ఎర్రగా, మెత్తగా, తడిగా మన్ను!

"ఇరువై ఆరేండ్లు మీ ఆయన తానం నీళ్ళు తాగిన మన్నాయె. ఏడికి పోతది సత్తువ?" అని, తన పెరట్లోంచి మేకల ఎరువు తెచ్చి కలిపింది. "గింజలెన్ని ఉన్నయి?"

"మూడు."

"పునర్వసు కార్తెల పెట్టు. పెట్టినంక ఎనిమిది దినాలు మన్ను ముట్టకు."

ముట్టకుండా ఎలా? నాలుగో రోజు ఆగలేక వేలితో కెలికి చూసింది. సూదిమొన అంత తెల్లటి వేరు బయటికొచ్చి ఉంది. చూసిన సంబరంలోనే అది పుటుక్కున విరిగింది.

"కడుపుల పిల్లను కడుపు గోసి చూసుకుంటరానె ఎవరన్న?" అని ఐలవ్వ నెత్తి కొట్టుకుంది.

రెండో గింజ ఎలుక తిందో ఏమో, జాడే లేదు. మిగిలింది ఒక్కటి. ఇక సుసన్నా ఆ మూలకు పోవడమే మానేసింది. అంట్లు కడిగిన నీళ్ళు దూరం నుంచి మెల్లగా వదిలి, వెనక్కి చూడకుండా వచ్చేసేది. నాకు కనబడని చోట జరిగే పని కూడా పనే గదా అని ఆ రోజుల్లోనే ఆమెకు మొదటిసారి అనిపించింది. ఇరవై ఆరేళ్ళు ఆయన చేసింది అటువంటి పనే.

ఎనిమిదో రోజు పొద్దున గింజ టోపీని నెత్తి మీద మోసుకుంటూ మొలక లేచి నిలబడింది!

ఆ తర్వాత ఆగిందా? ఆశ్లేష వానలకు అరచేతులంత ఆకులు. మఖ కార్తెకల్లా తీగ బొగ్గులు పోసుకునే రేకుల కొట్టం మీదికి ఎగబాకింది. పుబ్బ రాగానే పసుపు పూలు, ఒకటి కాదు, పది! సుసన్నా రోజూ లెక్కపెట్టుకుని మురిసింది. రోజూ సాయంత్రానికి అన్నీ రాలిపోయేవి.

"అవ్వా, ఒక్కటి నిలుస్త లేదు!"

"అవి మొగపూలే. ఫికర్ జెయ్యకు. ఆడపువ్వుకు ఎనుక గోలీ అంత పిందె ఉంటది. దానికి తుమ్మెద రావాలె. ఈ దుమ్ముల తుమ్మెద యాడ వస్తది? నువ్వే మొగపువ్వు తెంపి దాంట్ల అద్దు."

మొదటి ఆడపువ్వు పూసిన రోజు సుసన్నా వంట చేసి, ఇల్లు ఊడ్చి, తీరిగ్గా పోయింది. పువ్వు ముడుచుకుపోయి ఉంది. మూడు రోజులకు పిందె కుళ్ళి రాలింది.

"తొమ్మిది కొట్టెదాంక ఏం జేసినవే? గుమ్మడిపువ్వు తెల్లారంగ ఇచ్చుకుంటది, ఎండెక్కితె మూసుకుంటది."

"అంటే దీనిది మొదటి షిఫ్టు" అంది సుసన్నా.

"ఆఁ, మొదటి షిఫ్టే! నువ్వు లేటుగ వోతే హాజరు వడ్తదా?"

ఇద్దరూ నవ్వారు. దేవసహాయం పోయాక సుసన్నా నవ్వు ఐలవ్వ వినడం అదే మొదలు. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది.

మర్నాటి నుంచి మొదటి షిఫ్టు సైరను కూయడంతోనే సుసన్నా లేచేది. ఏడు నెలలుగా ఆ కూత వినపడకుండా చెవుల మీద దిండు పెట్టుకున్న మనిషి! ఉత్తర కార్తెలో ఒక పొద్దున, కొట్టం నడుమన, రేకు మీద, గోలీ అంత పిందెతో పువ్వు విచ్చుకుని కనబడింది. ఆమె నిచ్చెన వేసింది. కొడుకు నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, పడ్తవ్! నేనెక్కుత దిగు!"

"మీ బాపు దినాం భూమిలకు దిగలేదారా? నేను రేకుల దాంక ఎక్కలేనా? నిచ్చెన గట్టిగ పట్టుకో!"

మొగపువ్వు రేకులు ఒలిచి, నడిమి పుప్పొడి కాడను ఆడపువ్వులో మెల్లగా తిప్పింది. నిచ్చెన దిగింది. పువ్వు ముడుచుకుంది. ఒకరోజు, రెండు రోజులు, మూడు. నాలుగో రోజు గోలీ నిమ్మకాయంత అయింది!

సుసన్నా చెప్పులు లేకుండా పక్కింటికి పరుగెత్తింది. "ఐలవ్వా, నిలిచింది! నిలిచింది అవ్వా!" ఆ మధ్యాహ్నం కాయ కింద గోనెసంచి మడిచి పెడుతూ, తనకే తెలియకుండా పాత కీర్తన ఒకటి కూనిరాగం తీస్తోంది. రెండో చరణం మధ్యలో గాని అది తన గొంతేనని గమనించలేదు. గమనించీ ఆగలేదు, చివరి దాకా పాడింది.

చిత్త కార్తెలో బతుకమ్మ వచ్చింది. ఐలవ్వ గోడ దగ్గర నిలబడి, ఈసారి నోరు పెద్దగా లేకుండా అడిగింది: "గౌరమ్మకు గుమ్మడిపువ్వు గావాలె బిడ్డా. ఇస్తవా?"

"మొగపూలన్ని నీయే అవ్వా. ఆకులు గూడ తెంపుకో. నా కాయను మాత్రం తాకకు!"

తొమ్మిది రోజులు సైరనుతో పాటు లేచి పళ్ళెం నిండా పూలు తెంపి ఇచ్చింది. వానకు ఒక పని, ఎండకు ఒక పని ఉన్నట్టు, రాలే పువ్వుకూ ఒక పని ఉంది. పుబ్బలో రాలిన పూలను చూసి ఏడ్చినందుకు తనకే నవ్వొచ్చింది.

స్వాతి వచ్చింది. కాయ బిందె అంత అయింది గాని ఒంటి మీద పచ్చదనం పోలేదు. పండుగ ఇంకా తొమ్మిది రోజులు, ఆరు రోజులు, నాలుగు రోజులు! సుసన్నాకు అన్నం సహించలేదు.

"గోరు గుచ్చి చూడు. దిగకుంటె పండినట్టు" అంది ఐలవ్వ.

"గుచ్చను అవ్వా. ఒకసారి కెలికి చూసిన, చాలు."

శుక్రవారం యేసుకుమార్ డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా మార్చుకుంటూ, తల్లి మొహం చూడకుండా అన్నాడు: "అమ్మా, నేను మంచిర్యాల వోయి ఒకటి తెస్త. ఇది కాకుంటె అది పెడుదాం. బాపు గూడ గదే పెట్టెటోడు గదా."

సుసన్నా రేకుల మీది కాయ వంక చూసింది. పండకపోతే? ఎనిమిది నెలల కింద అయితే ఆ ప్రశ్నకు దేవుడితో తగాదా పెట్టుకునేది. ఇప్పుడు తగాదా రాలేదు.

"వద్దు బిడ్డా. అయితే అయితది. కాకుంటె ఉత్త చేతులతోని పోదాం. దాని దినం రాలేదని చెప్పుకుందాం."

శనివారం మధ్యాహ్నం బ్లాస్టింగు మోగింది. కిటికీలు గడగడలాడాయి. సుసన్నా లేచి, కాగు దాటి, నిచ్చెన ఎక్కింది. గోనెసంచి మీద కాయ బొగ్గు దుమ్ముతో నల్లగా కూర్చుని ఉంది. తొడిమ కట్టెలా ఎండిపోయింది! వేలితో దుమ్ము మీద సన్నగా ఒక గీత గీసింది. గీత లోపల నారింజ రంగు ధగధగా మెరిసింది.

"యేసూ! కత్తి తే! అవ్వా, జల్ది రా!"

కొడుకు కోసి భుజం మీద పెట్టుకుని దించాడు. ఐలవ్వ కాయను తట్టి, చెవి ఆనించి, "లోపల పెండ్లి డోలు మోగుతున్నది" అని నవ్వింది.

ఆదివారం పొద్దున సుసన్నా తెల్లచీర కట్టుకుంది. స్నానపు బండ మీద కాయ పెట్టి, బక్కెట్ నిండా నీళ్ళు, పాత బట్ట తెచ్చుకుంది. రెండు నెలలుగా ప్రతి మధ్యాహ్నం రాలిన దుమ్ము ముచ్చికలో, చారల్లో దట్టంగా పేరుకుని ఉంది. బట్ట తడిపింది. పిండింది. ఈ బండ మీద కూర్చున్న నల్లటి వీపును ఇరవై ఆరేళ్ళు రుద్దిన చెయ్యి, కాయ దాకా పోయి ఆగింది.

"జల్ది కడుగమ్మా" అన్నాడు యేసుకుమార్. "అందరు అద్దం లెక్క కడిగి తెస్తరు. గంట కొట్టిన్రు."

సుసన్నా తడిబట్టను దులిపి తీగ మీద ఆరేసింది. దుమ్ముతో ఉన్న కాయను అలాగే ఎత్తి, తెల్లచీరకు ఆనించుకుని, నడుం మీద పెట్టుకుంది.

గోడ మీంచి ఐలవ్వ అడిగింది: "అయ్యో, గట్లనే తీస్కపోతున్నవేందే? ఇంత నల్లగున్నదేందని అడిగితె ఏం జెప్తవు?"

"మంచిర్యాల మార్కెట్ది గాదని జెప్త!"

కొడుకు ముందు నడిచాడు. బక్కెట్‌లో నీళ్ళు నిండుగా, బండ పక్కనే ఉండిపోయాయి.