బరాత్‌లో రాక్ బ్యాండు

నిన్న సుచిత్ర సర్కిల్ సిగ్నల్ దగ్గర నేను ఆగితే, పక్క ఆటోలోంచి మా పాట గిటారు వినిపించింది. దాని కింద డీజే దరువు వేసి ఎవరో దాన్ని చితక్కొట్టారు. సంతోషించాల్సింది పోయి, పాటను ఎత్తుకుపోయినవాడు ఇతనేనేమోనని ఆటో అతన్ని ఎగాదిగా చూశాను. ఈ బుద్ధి నాకు పుట్టుకతో వచ్చింది కాదు. యాదగిరన్న అంటించి పోయాడు.

అల్వాల్‌లో ఆయన కుర్రతనంలో స్నేహితులతో కట్టిన రాక్ బ్యాండు మాది. నేను పాడటానికి చేరేనాటికి మొదటివాళ్లలో ఆయనొక్కడే మిగిలాడు. నెరిసిన జుట్టు భుజాల దాకా ఉండేది. మొదట్లో ఇంగ్లిషు పాటలు వాయించేవారట, తర్వాత అదే గిటారు హోరులో సొంతంగా తెలుగు పాటలు కట్టుకున్నారు. అప్పటి శ్రోతలు నేను చేరాక పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవారు. అనుమానం పెనుభూతమంటారు కదా, మా అన్న ఎవరైనా బాగుందంటే చాలు, ఆ భూతాన్ని ముందు నిలబెట్టేవాడు. "మెచ్చుకునేటోడు పాట ఇన్నడా, తన చిన్నతనం యాద్ జేసుకున్నడా, ముందుగాల గది సూడు చెల్లె" అనేవాడు. నా తొలి చప్పట్లను కూడా అలాగే కొట్టిపారేస్తే ఇంటికెళ్లి ఏడ్చాను.

ఒకసారి అత్వెల్లి నుంచి పెళ్లికి రమ్మని ఫోన్ వచ్చింది. పెళ్లికొడుకు మేనమామ, బూరలు ఎంతమంది ఊదుతారని అడిగాడట. ఎవరో ఆటపట్టిస్తున్నారని అన్నకు అనుమానం. తీరా వెళ్తే అక్కడ గుర్రం సిద్ధంగా ఉంది. వాళ్లకు బ్యాండంటే బరాత్ ముందు నడిచే బ్యాండు మేళమే. ఎర్రకోట్లు లేని మమ్మల్ని చూసి మేనమామకు మా మీద అనుమానం. మా డ్రమ్మర్ రవి, అన్నకు కొడుకులాంటివాడు, గుర్రం ముందు నడిస్తే ఇక మనది రాక్ బ్యాండు కాదని, తాను వెళ్లిపోతానని తేల్చేశాడు. అన్న మాత్రం ట్రాక్టర్ ట్రాలీ మీద జనరేటర్ ఎక్కించి, ఊళ్లో డప్పులవాళ్లను పిలిపించాడు. రవి నిజంగానే బస్సెక్కాడు.

మా మొట్టమొదటి పాట తీన్‌మార్ దెబ్బతో వీధంతా అదిరింది. మేనమామ తువ్వాలు ఊపుతూ ఆడాడు. ఆ రోజే మాకు కొత్త బాణీ దొరికింది, తర్వాత శామీర్‌పేట ఫంక్షన్ హాళ్లన్నీ మమ్మల్ని పిలిచాయి. నేను పొంగిపోయాను. ఆ పెళ్లి నుంచి తిరుగుదారిలో అన్న మాత్రం మెల్లగా అడిగాడు.

"ఆళ్లు మన పాటకు ఆడిండ్రా, డప్పుకు ఆడిండ్రా?"

రెండిటికీ అన్నాను.

"గట్ల జెప్పకు చెల్లె. పిలగాన్ని పోగొట్టుకున్న. నాకు ఎర్క గావాలె."

నాకేం తెలుసు? ఆయన పోయేదాకా చెప్పలేకపోయాను. రవి అంత్యక్రియలకు వచ్చాడు, దూరంగా నిలబడి, నాతో మాట్లాడకుండానే వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది.

ఇప్పుడు బ్యాండు నేనే నడుపుతున్నాను. ప్రతి బరాత్‌లో ఒక్క చరణం దగ్గర డప్పు ఆపమని సైగ చేసి, గిటారు మీదే పాడతాను. పాడుతూ జనం కాళ్లే చూస్తాను. అవి ఆగిపోతే అన్న మీద జాలేస్తుంది. ఆగకపోతే, డప్పు మోత ఇంకా వాళ్ల చెవుల్లోనే ఉందేమోనని అనుమానం.